తీసేసిన వాక్యం

మా బడి కుర్రాళ్ళు పరీక్ష పేపరు పైన మూలగా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాస్తారు. ఏ.ఎం.డి.జి. దేవుడి మహిమ మరింత పెరగడానికి అని అర్థం వచ్చే లాటిన్ మాటలకి పొడి అక్షరాలవి. మన దగ్గర కాయితం మీద ‘శ్రీరామ’ అనో ‘ఓం’ అనో రాసి మొదలుపెట్టినట్టే. నమ్మకం ఉన్నవాడూ రాస్తాడు, లేనివాడూ రాస్తాడు, చదవకుండా వచ్చినవాడు కాస్త పెద్దగా రాస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ పేపర్లు దిద్దుతున్నాను. నేను క్యాథలిక్‌ని కాదు. గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ కుటుంబంలో పుట్టి, అమెరికా తూర్పు తీరంలో ఒక జెస్యూట్ హైస్కూల్లో హిస్టరీ చెప్పుకుంటూ బతికినదాన్ని. మధ్యలో ఆరేళ్ళు క్లాసు వదిలి ఆఫీసులోకి వెళ్ళాను. మొదట అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌గా, తర్వాత ‘గ్లోబల్ ఎడ్యుకేషన్’ అనే విభాగానికి పెద్దగా. ఆ ఆరేళ్ళలో నేను చేసిన ఒక పని గురించి రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను.

పని చూడ్డానికి చిన్నదే. బడి వార్షికోత్సవానికి బ్రోషర్ వేస్తున్నాం. మందపాటి కాగితం, మంచి ఫోటోలు. విరాళాలు ఇచ్చే పాత విద్యార్థుల కోసం. చరిత్ర పేజీ నన్నే రాయమన్నారు, హిస్టరీ టీచర్ని కదా. రాశాను. అందులో ఒక వాక్యం ఉంది: ఈ బడి తొలి రోజుల్లో ఖర్చులకి వచ్చిన డబ్బులో కొంత, జెస్యూట్ల పొగాకు తోటల్లో బానిసలుగా ఉన్న మనుషుల శ్రమ నుంచి వచ్చింది అని. డ్రాఫ్టు నలుగురి చేతులు తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఎవరూ కొట్టెయ్యలేదు. ‘ఇది ఇక్కడ అవసరమా? మీరే చూడండి’ అని పక్కన పెన్సిలుతో రాసి ఉంది. చూశాను. తీసేశాను. దాని బదులు ‘స్థాపకుల త్యాగంతో’ అని పెట్టాను.

ఎవరూ బెదిరించలేదు. బలవంతం ఏమీ లేదు. అదే నన్ను ఇప్పటికీ పీకుతోంది.

ఆ వాక్యం వెనక ఉన్న సంగతి కొంచెం చెప్పాలి. జెస్యూట్లు మామూలు విద్యార్థుల కోసం పెట్టిన మొదటి బడి సిసిలీలోని మెస్సీనాలో, 1548లో. వాళ్ళ స్థాపకుడు ఇగ్నేషియస్ పెట్టిన నియమాల్లో ఒకటి, చదువు చెప్పినందుకు ఫీజు తీసుకోకూడదని. నాకు మొదటిసారి ఇది తెలిసినప్పుడు ఒళ్ళు పులకరించింది. పదహారో శతాబ్దంలో ఉచిత విద్య! యూరప్‌లో ఆ నియమం ఎలా నడిచిందంటే, ఊరి పెద్దలో, రాజో, డబ్బున్నవాళ్ళో ముందే భూములూ ఆస్తులూ రాసిచ్చేవారు. వాటి మీద వచ్చే రాబడితో బడి నడిచేది.

మేరీల్యాండ్‌కి వచ్చేసరికి అలాంటి రాజు ఎవరూ లేడు. తోటలున్నాయి. సెయింట్ ఇనిగోస్, న్యూటౌన్, వైట్ మార్ష్ లాంటి పేర్లతో పెద్ద పెద్ద తోటలు. వాటిల్లో పొగాకు. ఆ పొగాకు పండించింది బానిసలు. 1789లో మొదలైన జార్జ్‌టౌన్ కాలేజీ వెనక ఉన్న ఆస్తి ఇదే. ట్యూషన్ ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు గదా. ఖర్చు ఉంది. ఆ బడి బల్లల మీద తమ పిల్లలకి చోటు లేనివాళ్ళు దాన్ని భరించారు. ‘ఉచితం’ అనే మాట విన్నప్పుడల్లా ‘ఎవరికి?’ అని అడగాలని నా క్లాసులో చెప్పేదాన్ని. ఇప్పుడూ చెప్తాను. మధ్యలో ఆ ఆరేళ్ళూ చెప్పలేదు, అంతే.

1833లో రోమ్ నుంచి అమెరికా జెస్యూట్లకి ఫీజు తీసుకునే అనుమతి వచ్చింది. అప్పటికే అప్పులు పేరుకున్నాయి. జార్జ్‌టౌన్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు థామస్ మల్లెడీ అనే ఫాదర్ గొప్పగా కట్టడాలు కట్టించాడు. తర్వాత ఆయనే మేరీల్యాండ్ జెస్యూట్లందరికీ పెద్ద అయ్యాడు. 1838లో 272 మందిని లూసియానాకి అమ్మడానికి ఒప్పందం రాసుకున్నాడు. కొన్నవాళ్ళు ఇద్దరు, హెన్రీ జాన్సన్, జెస్సీ బేటీ. జాన్సన్ అంతకు ముందు లూసియానా గవర్నరుగా చేసినవాడు. ధర 1,15,000 డాలర్లు. రోమ్‌లో ఉన్న జెస్యూట్ల అధిపతి రూతాన్ అమ్మకానికి ఒప్పుకుంటూ షరతులు పెట్టాడు: కుటుంబాలు విడదీయొద్దు, వాళ్ళ ప్రార్థనలకి అడ్డు రాకూడదు, వచ్చిన డబ్బు అప్పులు తీర్చడానికి వాడొద్దు. కుటుంబాలు విడిపోయాయి. మొదట చేతికొచ్చిన 25,000 డాలర్లలో 17,000 జార్జ్‌టౌన్ కట్టడాల అప్పుకి పోయాయి. మల్లెడీని రోమ్ పిలిపించారు, కొన్నాళ్ళు యూరప్‌లో ఉంచారు. 1843లో తిరిగొచ్చి వూస్టర్ ఊళ్ళో హోలీ క్రాస్ అనే కొత్త కాలేజీకి మొదటి ప్రెసిడెంటు అయ్యాడు. (బడి నడిపేవాళ్ళ ప్రపంచంలో శిక్షలు అప్పుడూ ఇలాగే ఉండేవన్నమాట.)

ఒప్పందం కాగితంలో పేర్ల జాబితా ఉంది. మొదటి పేరు ఐజాక్, వయసు 65. తర్వాత అతని పెద్దకొడుకు, కూతురు, వాళ్ళ వెనక పదమూడేళ్ళ పిల్ల, ఎనిమిదేళ్ళ పిల్ల, ఆరేళ్ళ పిల్ల. దీన్ని క్లాసులో చదివించేటప్పుడు నేను ఏమీ వ్యాఖ్యానించను. ఒక్కో కుర్రాడు ఒక్కో పేరూ, వయసూ చదవాలి. పదిహేనేళ్ళ కుర్రాళ్ళకి వయసులు బాగా పట్టుకుంటాయి. మొదటిసారి చదివినప్పుడు మాత్రం నాకే గొంతు పట్టేసింది. ఐజాక్ అంటే ఇస్సాకు. మా తాత పేరు ఇస్సాకు. బైబిల్లో పేర్లు పెట్టించుకున్నవాళ్ళందరూ ఎక్కడో ఒకచోట ఒకరి తోటలో పనిచేసినవాళ్ళే అనిపించింది ఆ రోజు. తాత కూడా పొగాకు చేలో జీతానికున్నాడు. జీతగాడికీ బానిసకీ తేడా ఉంది, ఆ తేడా చెరపకూడదు. తాత వేరే కామందు దగ్గరికి వెళ్ళగలిగాడు, ఐజాక్ వెళ్ళలేడు. కానీ పొగాకు చేలో వంగిన నడుము నొప్పికి ఆ తేడా తెలుస్తుందా అని ఇంకో మనసు.

ఇంతా తెలిసి వాక్యం ఎందుకు తీశాను?

లెక్క వేశాను. బ్రోషర్ వెళ్ళేది పెద్ద విరాళాలిచ్చే వాళ్ళకి. వాళ్ళలో కొందరికి ఈ సంగతి నచ్చదు. ఇద్దరు ముగ్గురు వెనక్కి తగ్గితే, స్కాలర్‌షిప్పులు తగ్గుతాయి. మా బడి ఫీజు మామూలు కుటుంబం కట్టగలిగేది కాదు. స్కాలర్‌షిప్పు లేకపోతే బయటికి పోయేది ఎవరో నాకు పేర్లతో సహా తెలుసు. చచ్చిపోయినవాళ్ళ గురించిన ఒక వాక్యం కంటే, బతికున్న పదిమంది కుర్రాళ్ళ చదువు ముఖ్యం కాదా? కుర్చీలో కూర్చుని చూస్తే ఇది చాలా బాధ్యతగల ఆలోచనలా కనపడుతుంది. టీచరుకి నిజం చాలు, బడి నడిపేవాళ్ళకి జీతాల తేదీ కూడా ఉంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఇందులో అబద్ధం కూడా లేదు.

రెండు నెలల తర్వాత ఒక కుర్రాడు ఆ బ్రోషర్ పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. తొమ్మిదో క్లాసులో నా దగ్గర చదివాడు, అప్పటికి పదకొండు. వాళ్ళమ్మ హోటల్ గదులు శుభ్రం చేసే పని చేస్తుంది. “మిస్, మాకు మీరు చెప్పింది ఇందులో లేదేంటి?” అని అడిగాడు. కోపంగా కాదు, ప్రింటింగులో ఎగిరిపోయిందేమో అన్నట్టు. నేను నిజమే చెప్పాను, విరాళాలు, స్కాలర్‌షిప్పులు, అన్నీ. అంతా విని, కాసేపు ఊరుకుని, “అయితే నా పేరు చెప్పి తీసేశారా?” అన్నాడు.

నేను లెక్కలో వేసుకున్న పదిమందిలో అతనొకడు.

ఆ రాత్రి మల్లెడీ గుర్తొచ్చాడు. అప్పటిదాకా ఆయన నా క్లాసులో దుర్మార్గుడు. ఆయన కూడా బడిని కాపాడుకోవాలనే అనుకున్నాడు. ఆయన ముందు కూడా అప్పుల కాగితాలున్నాయి, చదువుకోవాల్సిన పిల్లలున్నారు. మంచి పని ఆగిపోకూడదు కాబట్టి ఇక్కడ కొంచెం కళ్ళు మూసుకుందాం అనే ఆలోచన దారి ఇద్దరిదీ ఒకటే. నేను మనుషుల్ని అమ్మలేదు, ఒక వాక్యం తీశాను. రెండూ సమానం అంటే అది నాటకం అవుతుంది. కానీ ఆ లెక్క ఎలా తయారవుతుందో లోపల్నుంచి తెలిసింది. మంచి ఉద్దేశం ఉన్నవాళ్ళకే ఆ లెక్క బాగా కుదురుతుందని కూడా తెలిసింది.

నిజానికి జెస్యూట్లకి ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. 1973లో స్పెయిన్‌లోని వలెన్సియాలో యూరప్ జెస్యూట్ బడుల పాత విద్యార్థుల సభ జరిగింది. వచ్చినవాళ్ళలో చాలామంది బాగా స్థిరపడ్డవాళ్ళు. జెస్యూట్ల అప్పటి అధిపతి పేద్రో అరుపే వాళ్ళ ముందు నిలబడి, మిమ్మల్ని న్యాయం కోసం నిలబడేలా చదివించామా అని తనను తాను అడిగి, లేదు అని తానే జవాబు చెప్పాడు. సభలో కొందరికి కోపమొచ్చింది. అరుపే వైద్యం చదివి మధ్యలో వదిలి ఫాదర్ అయినవాడు. 1945 ఆగస్టులో హిరోషిమా శివార్లలోనే ఉన్నాడు. బాంబు పడ్డాక తమ మఠాన్నే ఆసుపత్రిగా మార్చి కాలిన ఒళ్ళకి కట్లు కట్టాడు. అలాంటి మనిషి నోటి నుంచి వచ్చింది కాబట్టి ఆ మాటకి బరువుంది. ‘ఇతరుల కోసం బతికే మనుషులు’ అనే ఆయన మాట ఇవాళ మా బడి టీషర్టుల మీదుంది, ఫుట్‌బాల్ మైదానం గోడ మీదుంది, విరాళాల కవరు మీద కూడా ఉంది. ఆయన లేదు అన్న భాగం మాత్రం ఏ టీషర్టు మీదా నాకు కనపడలేదు.

నా గ్లోబల్ ఎడ్యుకేషన్ ఉద్యోగం ఈ మాట మీదే నడిచింది. 2012లో బోస్టన్‌లో, 2017లో రియోలో ప్రపంచంలోని జెస్యూట్ బడుల పెద్దలు కలుసుకుని, మా పిల్లలు ఒక దేశానికి కాదు, ప్రపంచానికి పౌరులు కావాలని అనుకున్నారు. మంచి ఆలోచనే. దాన్ని అమలు చేసే పని మాలాంటి వాళ్ళది, అంటే విమానం టిక్కెట్లు, వీసాలు, తల్లిదండ్రుల సంతకాలు, దోమల మందు. ఒక డిసెంబరులో పద్నాలుగు మంది కుర్రాళ్ళని ఆంధ్రాకి తీసుకొచ్చాను. బస్సులో వాళ్ళకి కుర్దూ గురించి చెప్పాను. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, తెలుగు నిఘంటువు మీద పనిచేసిన జెస్యూట్ ఆయన. 1767లో పారిస్‌లో పండితులకి సంస్కృతానికీ, లాటిన్, గ్రీకులకీ చుట్టరికం ఉందని రాసి పంపాడు. విలియం జోన్స్ అదే మాట 1786లో కలకత్తాలో చెప్పి పేరు తెచ్చుకున్నాడు. ఆయన నేర్చుకోడానికి వచ్చాడు, మనం దేనికొచ్చాం అని అడిగాను. ఎవరో “సాయం చెయ్యడానికి” అన్నారు.

పేద పిల్లల హాస్టలు అది. మావాళ్ళు ఒక గోడకి రంగు వేశారు. బొమ్మలు వేశారు, ఫోటోలు తీసుకున్నారు. వార్డెన్ గారు నాతో మెల్లిగా తెలుగులో, “ప్రతి డిసెంబరూ ఎవరో ఒకరొచ్చి అదే గోడకి వేస్తారండి. గోడ మందమైపోతోంది” అని నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వచ్చి, “మేడమ్, మీవాళ్ళు మాకాడికి వస్తన్నారు గదా, మరి మేం మీకాడికి ఎప్పుడు రావాల?” అంది. ఆ పిల్ల గొంతులో ఎగతాళి లేదు. వరసగా అడిగింది, పెళ్ళికి పిలిస్తే తిరిగి పిలవాలి గదా అన్నట్టు. దానికి నా దగ్గర ఏ ఫారమూ లేదు.

దానానికీ అప్పు తీర్చడానికీ ఉన్న తేడా అప్పటి నుంచి నా బుర్రలో తిరుగుతోంది. దానం ఇచ్చేవాడిది. ఎంతివ్వాలి, ఎప్పుడివ్వాలి, ఏ గోడకి రంగెయ్యాలి అన్నీ వాడిష్టం. అప్పు అలా కాదు. అప్పుకి మొత్తం ఉంటుంది, అవతల పేరున్న మనిషి ఉంటాడు, గుమ్మం దగ్గరకొచ్చి అడిగే హక్కు వాడికుంటుంది. పాపం అనుకున్నామా, ఒప్పుకుని కన్నీళ్ళు పెట్టుకుని తేలికపడొచ్చు. జార్జ్‌టౌన్‌లో 2017 ఏప్రిల్‌లో వారసుల ముందు క్షమాపణ ప్రార్థన జరిగింది. మల్లెడీ పేరున్న భవనానికి ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టారు. నేను దాన్ని తక్కువ చెయ్యను. కానీ నాకు ఎక్కువ గుర్తుండేది 2019లో అక్కడి విద్యార్థులు వేసిన ఓటు. వారసుల కోసం ఒక్కో సెమిస్టరుకీ ఒక్కొక్కరూ 27 డాలర్ల 20 సెంట్లు కడదామని ప్రతిపాదన. 272కి గుర్తుగా ఆ అంకె. మూడింట రెండు వంతుల మంది సరేనన్నారు. యూనివర్సిటీ దాన్ని అలాగే తీసుకోలేదు, ఫీజుగా కాకుండా విరాళాలు పోగుచేసి ఇస్తామంది. పిల్లలు అప్పు అన్నారు, పెద్దలు దాన్ని మళ్ళీ దానంగా మార్చారు. ఆఫీసులో కూర్చున్నదాన్ని కాబట్టి పెద్దలు ఎందుకలా చేశారో నాకు బాగా అర్థమవుతుంది. అర్థం కావడమే ఇబ్బందిగా ఉంది. 2021లో అమెరికా జెస్యూట్లు వారసులతో కలిసి పెట్టిన సంస్థకి 10 కోట్ల డాలర్లు పోగుచేస్తామని మాటిచ్చారు. మాట ఇచ్చినంత వేగంగా డబ్బు కదలదని ఏ బడి అకౌంటెంటుని అడిగినా చెప్తాడు.

ఇలా వెతుక్కుంటూ పోతే ఏ డబ్బు శుభ్రంగా ఉంటుంది అని స్నేహితులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. షికాగోలో 1996లో మొదలైన క్రిస్తో రే అనే జెస్యూట్ బడిలో పేదపిల్లలు నెలకి కొన్ని రోజులు ఆఫీసుల్లో పనిచేసి తమ ఫీజులో చాలా భాగం తామే సంపాదించుకుంటారు. ఎవరి దయా లేదు. అయితే పక్క బడిలో డబ్బున్న పిల్లాడు ఆ రోజుల్లో కూడా క్లాసులోనే ఉంటాడు. మళ్ళీ ఖర్చు ఎవరి మీద పడిందో చూడండి. శుభ్రమైన డబ్బు దొరుకుతుందని నాకు ఆశ లేదు. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో రాసిపెట్టుకోవడం మాత్రం చెయ్యొచ్చు గదా, నేను దాన్నే చెరిపేశాను.

ఇదంతా గుంటూరులో ఉన్న మా అమ్మకి ఫోన్‌లో చెప్పాను. ఎనభై దాటాయి ఆవిడకి. మా పేటలో చదువుకున్న మొదటి ఆడపిల్ల. మిషన్ బోర్డింగులో ఉచితంగా చదివింది, పలక, బలపం, రెండు పూటలా సంగటి. ఆ బోర్డింగుల కథ 1842లో గుంటూరొచ్చిన హెయ్యర్ దొరతో మొదలవుతుంది. ఆయన బయల్దేరే ముందు బాల్టిమోర్‌లో సంస్కృతం, వైద్యం నేర్చుకున్నాడు. బాల్టిమోర్ అంటే మేరీల్యాండే. ఐజాక్ కుటుంబాన్ని అమ్మేసి అప్పటికి నాలుగేళ్ళు. ఆ కాలంలో అమెరికా చర్చిల్లో చందా పళ్ళెం తిరిగినప్పుడు ఎవరెవరి చేతుల మీదుగా ఎలాంటి డబ్బు అందులో పడి ఉంటుందో ఊహించొచ్చు. నా ఇంగ్లీషూ, నా డిగ్రీలూ, ఈ ఉద్యోగమూ అన్నీ మా అమ్మ పలక నుంచి వచ్చినవే. అమ్మ పలక ఎక్కడి నుంచి వచ్చింది?

అమ్మకి నా బాధ అర్థం కాలేదు. “ఎవరి డబ్బయితే ఏందే? కూలికి బోవాల్సిన పిల్లకి అచ్చరాలొచ్చినయ్. ఆ మాత్రం జేసినోళ్ళు ఇక్కడ ఎవురున్నారు?” అంది. దీనికి ఎదురు చెప్పడం నావల్ల కాలేదు, ఇప్పటికీ కాదు. ఊళ్ళో బడి గుమ్మం బయట కూర్చోబెట్టిన వాళ్ళ డబ్బు శుభ్రమా మరి? వారం తర్వాత ఆవిడే ఫోన్ చేసింది. మందులూ, కరెంటు బిల్లూ అన్నీ అయ్యాక, “అమ్మాయ్, ఆ ఇస్సాకు వాళ్ళ పిల్లల పిల్లలు ఇప్పుడు ఉన్నారా?” అంది. వేలమంది ఉన్నారమ్మా అన్నాను. “సదువుకున్నారా వాళ్ళు?”

కొందరు, అన్నాను.

“కొందరేనా?” అని, చాలాసేపు మాట్లాడలేదు.

మరుసటి ఏడాది నన్ను మళ్ళీ క్లాసుకి పంపమని అడిగాను. పెద్ద త్యాగమేమీ కాదు, జీతం కాస్త తగ్గింది, నిద్ర కాస్త పెరిగింది. నా తర్వాత వచ్చినావిడ బడి చరిత్ర పేజీ మళ్ళీ రాయించింది. ఆ వాక్యం ఇప్పుడుంది, నేను రాసినదానికంటే నేరుగా ఉంది. ఒక పాత విద్యార్థి విరాళం ఆపేశాడని విన్నాను. ఇంకెవరూ ఆపినట్టు లేదు. నేను భయపడ్డ లెక్క తప్పింది, కానీ ఆ లెక్క కరెక్టే అయి ఉంటే ఏం చెయ్యాల్సింది అనే ప్రశ్న మిగిలే ఉంది.

ఆ కుర్రాడు ఆఫీసులో ఆ రోజు తర్వాత నాతో ముక్తసరిగానే ఉన్నాడు. పన్నెండో క్లాసులో కాలేజీ అప్లికేషన్లకి రికమెండేషన్ లెటర్ కావాలని ఈమెయిల్ పెట్టాడు. రెండే లైన్లు. రాశాను. నా దగ్గర చదివినవాళ్ళలో నన్ను ఇలాంటి ప్రశ్న అడిగినవాడు ఇతనొక్కడే అని మొదలుపెట్టి, ఆ ప్రశ్న ఏంటో, దానికి కారణమైన నా పని ఏంటో కూడా రాశాను. పంపే ముందు ఆ పేరా తీసేశాను. తర్వాత రోజు మళ్ళీ పెట్టి పంపాను.